ఈ రోజు ఎన్ని లైన్లు?

ఎంత పని చేశామన్న దాన్నిబట్టే మన విలువ కట్టే చోట మనిషినన్న సంగతే మరిచిపోయినట్టు ఎవరికైనా అనిపించిందా, దాన్ని ఎలా తట్టుకున్నారని మీరు అడిగారు. నాకు అనిపించింది. ఏ ఫైలు దగ్గర అనిపించిందో కూడా గుర్తుంది.

2006లో అమీర్‌పేటలో శిక్షణ ముగించి, హైదరాబాద్‌లోనే ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలో చేరాను. అమెరికా డాక్టర్లు రోగుల వివరాలు చెప్పి రికార్డు చేస్తారు. అవి వింటూ, కాలి కింది పెడల్‌తో ఆపుతూ వెనక్కి తిప్పుతూ మేము టైపు చేయాలి. 65 అక్షరాలు ఒక లైను, మాటల మధ్య జాగాలు కూడా లెక్కే. రోజుకు 800 లైన్లు నా టార్గెట్. షిఫ్టు ముగిసేసరికి మా పేర్లు, పక్కనే లైన్ల సంఖ్య బోర్డుకు ఎక్కేవి. టీం లీడర్ ముందు ఆ అంకె చూసి, తర్వాత మా ముఖం చూసేవారు.

నన్ను బాగా కుంగదీసింది ఖాళీల వ్యవహారం. డాక్టరు మాట వినపడని చోట ఖాళీ వదలాలని నియమం. 'ఫిఫ్టీన్' అన్నారో 'ఫిఫ్టీ' అన్నారో తేలకపోతే 15 మిల్లీగ్రాములని గానీ 50 మిల్లీగ్రాములని గానీ ఊహించి రాయకూడదు. ఆ మందు మింగేది ఒక మనిషి. కానీ ఖాళీలు ఎక్కువైతే మార్కులు పోయేవి. నాలుగుసార్లు వెనక్కి తిప్పి వింటే లైన్లు పడిపోయేవి. ఏ రోజు ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేశానో ఆ రోజే బోర్డు మీద నా పేరు అడుగుకు జారేది. బద్ధకమని ఎవరైనా అంటే ఎదురు చెప్పవచ్చు. మన శ్రద్ధే అంకెల్లో తప్పుగా తేలితే ఎవరితో పోట్లాడతాం?

ఇక ఆ ఫైలు. ఏడేళ్ల పిల్లవాడి మరణ నివేదిక. డాక్టరు చాలా స్పష్టంగా చెబుతున్నారు. ఒకచోట మాత్రం గొంతు ఆగింది, కాసేపటికి మళ్లీ మొదలైంది. ఒక్క ఖాళీ లేకుండా పూర్తి చేసి, 'అమ్మయ్య, తేలిక ఫైలు' అనుకున్నాను. ఇంటికి వెళ్లే బస్సులో ఆ ఆగిన గొంతు గుర్తొచ్చింది. ఆ రాత్రి నాకు నా మీదే భయం వేసింది.

మా అమ్మ నిజామాబాద్ దగ్గర మా ఊళ్లో బీడీలు చుట్టేది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. జ్వరంతో కూర్చున్న రోజు, ఎవరూ అడగకపోయినా అన్నాల వేళ "ఆరు వందలే అయ్యాయి" అనేది, తప్పు ఒప్పుకుంటున్నట్టుగా. చదువుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను కాబట్టి ఆ బతుకు దాటేశాననుకున్నాను. "ఈ రోజు 620 లైన్లే" అని నేను చెప్పినప్పుడు నా నోట అమ్మ గొంతే వచ్చింది.

దీనికి పరాయీకరణ అనే పేరుందని తర్వాత చదివాను. మార్క్స్ 1844లో పారిస్‌లో ఉండగా దీని గురించి రాసుకున్నాడు. చేసిన వస్తువు, చేసే పని, తోటి మనిషి, చివరికి తనకు తానే కార్మికుడికి పరాయివారైపోతారని ఆయన మాట. పనిలో లేనప్పుడు మాత్రం మనిషి తనలా ఉంటాడన్నాడు. నా అనుభవం అలా లేదు. ఆదివారం నిద్రపోయినా ఎన్ని లైన్లు పోయాయో లెక్క వేసుకునేదాకా వెళ్లాను.

తట్టుకోవడానికి రెండు విషయాలు సాయపడ్డాయి. ఆడియో బాగాలేని ఫైళ్లలో ఖాళీలకు మార్కులు కోయవద్దని ఆరుగురం కలిసి అడిగాం. రెండు నెలలు తిప్పించుకుని ఒప్పుకున్నారు. ఒంటరిగా అడిగితే నా బలహీనత అయ్యేది, కలిసి అడిగితే పని సమస్య అయింది. మీ దగ్గరా ముందు ఇదే ప్రయత్నించమంటాను. రెండోది, మా ప్రూఫ్‌రీడర్ అక్క. ఫైలు తిరిగి ఇస్తూ "ఇంతకీ ఈయనకు ఏమైంది?" అని అడిగేది. మొదట్లో జవాబు తెలిసేది కాదు. ఆమె అడుగుతుందనే మనసు పెట్టి వినడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత అమ్మ ఫోనులో ఎన్ని లైన్లని అడిగినప్పుడు, పేర్లు లేకుండా ఒక రోగి గురించి చెప్పేదాకా వచ్చాను. గుండె ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన గురించి చెప్పిన వారం తర్వాత, అమ్మ లైన్ల మాట ఎత్తలేదు. "ఆయనకు తగ్గిందా?" అంది.

తర్వాతి ఫైలు వేరేవాళ్లకు వెళ్లిందమ్మా, తెలియదు అన్నాను.