‘అన్నాడు’ అంటే చాలదా?

అమ్మాయీ, ఆశీస్సులు.

సంత మీద నువ్వు రాసింది చదివాను. బేరాలు చెవిన పడుతున్నట్టే ఉన్నాయి. కాకపోతే మొదటి పేజీలోనే ఒకడు గర్జించాడు, ఒకావిడ నిట్టూర్చింది, ఇంకొకాయన ఉద్ఘాటించాడు. లెక్కపెట్టాను, పదకొండు చోట్ల. ఒక్కరూ ఊరికే ‘అనలేదు’. ‘అదే మాట మళ్లీ మళ్లీ వస్తే విసుగు కదా మాస్టారూ’ అని ముందే అడ్డుకట్ట వేశావు. ఆ విసుగు నీతో పుట్టింది కాదులే.

1923 మార్చిలో న్యూయార్క్ నుంచి ‘టైమ్’ వారపత్రిక బయల్దేరింది. పెట్టింది హెన్రీ లూస్, బ్రిటన్ హాడెన్. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో కలిసి చదువుకున్న కుర్రాళ్లు. మొదట్లో సొంత విలేకరులు లేరు. దినపత్రికలు కత్తిరించి, ఆ వార్తల్నే తిరగరాసేవాళ్లు. సరుకు పాతది, పొట్లమైనా కొత్తగా ఉండాలి కదా. హాడెన్‌కి ప్రాచీన గ్రీకు కవి హోమర్ పిచ్చి. ఆయన కావ్యం ఇలియడ్ అనువాదాన్ని గీతలు పెట్టుకుంటూ చదివాడు. అందులోంచే జంట విశేషణాలు, తలకిందుల వాక్యాలు పత్రికలోకి దిగాయి. ‘హీ సెడ్’ (అతను అన్నాడు) కాస్తా ‘సెడ్ హీ’ (అన్నాడు అతను) అయింది. ‘సెడ్’ కూడా చప్పబడి, సెనేటర్లు కసరడం, మొరగడం మొదలెట్టారు.

హాడెన్ 1929లో, 31 ఏళ్లకే పోయాడు. శైలి మాత్రం నిలిచింది. 1936లో వోల్కాట్ గిబ్స్ అనే ఆయన ‘న్యూయార్కర్’ అనే మరో వారపత్రికలో లూస్ గురించి రాస్తూ, ఆ వ్యాసాన్ని ఆ శైలిలోనే నడిపి ఏడిపించాడు. అందులో ఒక వాక్యం ఇప్పటికీ చెప్పుకుంటారు. తెలుగులో దాదాపు ఇలా ఉంటుంది: ‘వెనక్కి పరిగెత్తాయి వాక్యాలు, తిరిగిపోయేదాకా బుర్ర.’ మనకిది అంత వింతగా ఉండదు. ‘వచ్చాడయ్యా పెళ్లికొడుకు’ అంటూనే ఉంటాం.

నాకు ఎబ్బెట్టుగా తోచేది వాక్యం తిరగబడటం కాదు. ‘కసిరాడు సెనేటర్’ అని ముందే రాసేస్తే, ఆయన తర్వాత ఎంత మెత్తగా మాట్లాడినా కసురే వినిపిస్తుంది. నోరు విప్పకముందే ముద్ర పడిపోయింది. పైగా ఆ ముద్ర వేసినవాడు ఎక్కడో న్యూయార్క్‌లో కత్తెర పట్టుకు కూర్చున్నాడు. కసిరాడో నవ్వాడో వాడేం చూశాడు?

మన భాషలో మనిషి మాట ముందొస్తుంది, ‘అని’ తర్వాతొస్తుంది. పాఠకుడు ఆ గొంతు అప్పటికే వినేశాడు. ఇంక నిట్టూర్చిందో గర్జించాడో నువ్వు చెప్పేదేముంది?

నేను పత్రిక డెస్కులో కొత్తగా చేరిన రోజుల్లో, ఒక సర్పంచి ‘రోడ్డు ఎప్పుడేస్తారు’ అని అధికారుల్ని అడిగాడని విలేకరి రాస్తే, దాన్ని ‘వాపోయారు’ అని దిద్దాను. మర్నాడు ఆయన పేపరు చంకలో పెట్టుకుని ఆఫీసుకొచ్చాడు. ‘నేనెక్కడ వాపోయానండీ? అడిగాను. మా ఊళ్లో నవ్వుతున్నారు.’ సర్దిచెప్పడానికి నోరు రాలేదు. టీ ఇప్పించాను. తాగలేదు.

అదే 1923లో, జనవరిలో, కెనడా పత్రిక టొరంటో డైలీ స్టార్‌కి, తర్వాత నవలలతో పేరుపొందిన హెమింగ్వే స్విట్జర్లాండ్‌లోని లొసాన్ నుంచి ఒక వార్త రాశాడు. ఇటలీ ప్రధాని ముస్సోలినీ విలేకరుల్ని పిలిపించి, తను మాత్రం ఏదో పుస్తకంలో మునిగిపోయినట్టు కూర్చున్నాడట. హెమింగ్వే పిల్లిలా వెనక్కి వెళ్లి తొంగిచూశాడు. అది ఫ్రెంచ్-ఇంగ్లిష్ నిఘంటువు. తలకిందులుగా పట్టుకున్నాడు. యూరప్‌లోకెల్లా పెద్ద బూటకం ఈయనే అని అదే వార్తలో తేల్చేశాడు కూడా. కానీ ఆ తీర్పు సొంత పూచీ మీద ఇచ్చాడు, ఎదుటివాడి నోటికి అంటగట్టే క్రియలో దాచలేదు. నీకు సంతలో దళారి మీద కోపమొస్తే ఆ కోపం నీదేనని రాయి. వాడు తూకం దగ్గర వేలు ఎక్కడ పెట్టాడో రాయి. వాడి చేత ‘బుకాయించ’వద్దు.

‘అన్నాడు’ వరసగా మూడుసార్లు వస్తే ఒకటి తీసేయి. ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తూనే ఉంటే అదీ అక్కర్లేదు. పదకొండూ దిద్ది మళ్లీ పంపు. రెండో పేజీ చివర్లో ‘గర్జించాడు’ మాత్రం కొట్టేయకు. అక్కడున్నది పులివేషగాడు కదా.

ఉంటాను.
మీ మాస్టారు