ఆ వెలుగు వంపు గురించి రాసేటప్పుడు

విశాఖపట్నం

తమ్ముడూ,

గెలాక్సీ గుంపుల్లో కనిపించే వెలుగు వంపుల మీద నువ్వు రాసింది చదివాను. తప్పులేమీ లేవు. కానీ 'ఇవి గురుత్వ లెన్సింగ్ వల్ల ఏర్పడతాయి' అని, అంటే బరువైన వస్తువు గురుత్వం వెనక నుంచి వచ్చే వెలుగును లెన్సులా వంచుతుందని, మొదటి వాక్యంలోనే చెప్పేశావు. ఇక జగదాంబ సెంటర్లో బస్సు కోసం నిలబడి ఫోన్లో చదివే కుర్రాడు రెండో వాక్యం దాకా ఎందుకొస్తాడు?

1986లో ఖగోళ శాస్త్రవేత్తలు లిండ్స్, పెట్రోషన్ వీటి గురించి ప్రకటించినప్పుడు అవేమిటో ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. ఫ్రాన్స్‌లోని తులూజ్ బృందం కూడా అబెల్ 370 అనే గెలాక్సీ గుంపులో అలాంటి వంపునే చూసింది. అది గుంపులోనే ఉందనుకుంటే దాని పొడవు లక్షల కాంతి సంవత్సరాలు! గెలాక్సీలు ఒకదాన్నొకటి లాగినప్పుడు చీలిపోయిన నక్షత్రాల తోకా, చల్లబడుతున్న వాయువులో కొత్తగా పుడుతున్న నక్షత్రాలా, పాత పేలుడు వెలుగు దారిలో చెదిరి ఆలస్యంగా మనకు చేరుతోందా, లేక లెన్సా? పాఠకుణ్ణి ఆ టెన్షన్‌లో కాసేపు ఉండనివ్వు, తొందరపడకు.

అప్పుడు స్పెక్ట్రమ్ దగ్గరికి, అంటే వెలుగును రంగులుగా విడదీసి చూసిన దగ్గరికి రా. అందులో వెలుగు ఎరుపు వైపు ఎంత జరిగిందో చెప్పేదే రెడ్‌షిఫ్ట్, అది ఎక్కువైతే దూరం ఎక్కువ. గుంపు రెడ్‌షిఫ్ట్ సుమారు 0.37, వంపుది సుమారు 0.72. అంటే ఆ వెలుగు గుంపులోది కానే కాదు, దాని వెనక చాలా దూరాన ఉన్న గెలాక్సీది. దారిలో గుంపు బరువు దాన్ని వంచి, సాగదీసి మనకు చూపిస్తోంది. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉంది, నువ్వేమో ఒక్క ముక్కలో దాటేశావు.

పోలిక కావాలంటే, రాత్రి బీచ్ రోడ్డులో మందపాటి గాజుగ్లాసు అడుగులోంచి దూరంగా ఉన్న వీధిదీపాన్ని చూడు, వెలుగు సాగి వంపు తిరుగుతుంది. కానీ గాజు ఒక్కో రంగును ఒక్కోలా వంచుతుంది, గురుత్వం అన్ని రంగుల్నీ ఒకేలా వంచుతుంది. ఆ తేడా చెప్పకపోతే పోలిక పాఠకుణ్ణి తప్పుదోవ పట్టిస్తుంది.

గెలాక్సీలు లెన్సుల్లా పనిచేయగలవని ఖగోళ శాస్త్రవేత్త జ్వికీ 1937లోనే రాశాడు, అది ఒక్క వాక్యం చాలు. కంటికి కనిపించని కృష్ణపదార్థానికి మాత్రం చోటివ్వు. వంపు గుంపు కేంద్రానికి ఎంత దూరంలో ఉందో కొలిస్తే లోపల ఎంత ద్రవ్యరాశి ఉందో లెక్క కట్టొచ్చు, ఆ లెక్కకు కనిపించే నక్షత్రాలూ వేడి వాయువూ కలిపినా సరిపోవు. ఇంత పెద్ద సంగతిని చివర్లో 'ఇంకా' అని తగిలించడం నాకు బాధేసింది.

హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ తీసిన అబెల్ 370 ఫొటో పెట్టు. పసుపుగా కనిపించేవి గుంపు గెలాక్సీలనీ, నీలంగా సాగినది వెనకదనీ ఫొటో కిందే రాయి. మార్చాక మళ్లీ పంపు, చదువుతాను.

అన్నయ్య