టెక్ సందేహాలు: ఫొటోల కెమెరాతో వీడియో తీయాలంటే

ప్రశ్న: చాలా ఏళ్లుగా ఫొటోలు మాత్రమే తీస్తున్నాను. పక్షులు, పాత కట్టడాలు, ఇంట్లో శుభకార్యాలు. ఈ మధ్యే మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాను. వచ్చే నెల మా మేనకోడలి ఓణీల వేడుకకు వీడియో కూడా నన్నే తీయమంటున్నారు. మెనూ తెరిస్తే 4కె, ఫుల్ హెచ్‌డీ, 25పి, 50పి, ఐపీబీ, ఆల్-ఐ, లాగ్ అంటూ ఊపిరాడనివ్వడం లేదు. సినిమా తీసే ఆలోచన లేదు. ఇంటిల్లిపాదీ టీవీలో చూసుకుంటే చాలు. ఏమేం పెట్టుకోవాలి?
- ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: ముందు సెట్టింగులు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఫుల్ హెచ్‌డీ, సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను, కంప్రెషన్ (ఫైలు సైజు కుదించే పద్ధతి) ఐపీబీ, ఫైలు హెచ్.264 రకం ఎంపీ4, పిక్చర్ ప్రొఫైల్ స్టాండర్డ్, వైట్ బ్యాలెన్స్ (దీపాల రంగుకు తగ్గట్టు తెలుపును తెల్లగా చూపే సర్దుబాటు) ఆటో కాకుండా మీరు ఎంచి పెట్టినది. ఫంక్షన్ హాలులో జరిగే వేడుకకు ఇంతకు మించి అక్కర్లేదు.

ఫొటోల నుంచి వీడియోకు వచ్చేవారు ఒక అలవాటు మార్చుకోవాలి. ఫొటోలో ప్రతి క్లిక్కూ దేనికదే. రెండు క్లిక్కుల మధ్య కెమెరా రంగునో వెలుగునో సవరించుకుంటే చూసేవారికి తెలియదు. వీడియోలో ఆ సవరణే తెర మీద కనిపిస్తుంది. బంతిపూల అలంకరణ ముందు కూర్చున్న అమ్మాయి మీద నుంచి కెమెరాను పక్కనున్న అమ్మమ్మ వైపు తిప్పుతారు. ఆటో వైట్ బ్యాలెన్స్ మధ్యలో మనసు మార్చుకుంటుంది, పట్టుచీర రంగు కళ్లముందే మారిపోతుంది. అందుకే వేదిక దీపాలన్నీ వెలిగాక అక్కడ ఒక తెల్ల కాగితం పట్టించి, దాని ఆధారంగా కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెట్టుకోండి. దీపాలు మారనంతవరకు దాన్ని ముట్టుకోవద్దు. ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) కూడా అంతే. హాలు లోపల ఒక విలువ దగ్గర ఉంచేయండి. ఊరేగింపుగా లోపలికీ బయటికీ నడుస్తూ తీయాల్సి వస్తే మాత్రం ఆటో ఐఎస్‌ఓ పెట్టి, 3200 దాటకుండా హద్దు పెట్టండి.

ఇక 25, 1/50 అనే అంకెలు. ఇవి మన కరెంటు నుంచి వచ్చాయి. మన దేశంలో విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్. దాంతో వెలిగే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంటాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. షట్టర్ 1/50 దగ్గర ఉంటే ప్రతి ఫ్రేములోకీ సరిగ్గా రెండు పెరుగు-తగ్గుల వెలుగు చేరుతుంది కాబట్టి అన్ని ఫ్రేములూ ఒకే వెలుగుతో ఉంటాయి. 1/60 పెట్టారా, లెక్క తప్పి నల్లటి పట్టీలు తెర మీద పాకుతాయి. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన కెమెరాలు హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో ఉన్నాయి. అవి 60 హెర్ట్జ్ కరెంటుకు తగ్గట్టు ఎన్‌టీఎస్‌సీ అనే అక్కడి టీవీ పద్ధతిలో, సెకనుకు 30 ఫ్రేములతో వస్తాయి. మెనూలో వీడియో సిస్టం అనే చోట మన దగ్గరి పద్ధతి పాల్‌కు మార్చితే 25 కనిపిస్తుంది. మార్చగానే కొన్ని కెమెరాలు కార్డును ఫార్మాట్ చేయమంటాయి కాబట్టి అందులోని ఫొటోలు ముందే కంప్యూటర్‌లోకి దించుకోండి. పాల్ ఎంపికే లేకపోతే 30 ఫ్రేముల్లోనే ఉండి షట్టర్‌ను 1/50 చేయండి, పట్టీలు పోతాయి. కానన్ 5డి మార్క్ 2 ఇంకా వాడుతున్నవారికి ఒక మాట: 2008లో అది విడుదలైనప్పుడు 30 ఫ్రేములే ఇచ్చింది, 25 అనేది 2010లో వచ్చిన ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్)తోనే చేరింది. మీ దాంట్లో 25 కనిపించకపోతే ఆ అప్‌డేట్ వేయలేదన్నమాట.

వేదిక వెనక పెట్టే ఎల్‌ఈడీ తెరలు మాత్రం ఈ లెక్కకు లొంగవు. వాటి మిణుకు వేగం వేరు. మీ కెమెరాలో షట్టర్‌ను సన్నసన్నగా మార్చే సౌకర్యం ఉంటే పట్టీలు ఆగిన చోట ఆపండి. లేదంటే తెర ఫ్రేములో కొద్దిగానే పడేలా పక్కకు జరిగి నిలబడండి.

పక్షుల ఫొటోలు తీసే చెయ్యి కాబట్టి షట్టర్ పెంచాలని మీకు అనిపిస్తుంది. పెంచితే కదలికలు తెగిపోయినట్టు, అదురుతున్నట్టు కనిపిస్తాయి. 1/50 దగ్గర ఉండే ఆ కొద్దిపాటి మసకే కదలికను సహజంగా చూపిస్తుంది. చిక్కంతా ఆరుబయటే. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్‌ఓ 100, షట్టర్ 1/50 అంటే ఎపర్చర్‌ను (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/22 వరకు మూయాలి. వెలుగును తగ్గించే ఎన్‌డీ8 ఫిల్టర్ బిగిస్తే ఎఫ్/8కి, ఎన్‌డీ64 బిగిస్తే ఎఫ్/2.8కి దిగవచ్చు. ఫిల్టర్ లేకపోతే ఎండలో షట్టర్ పెంచుకోండి, నేరమేమీ కాదు. సూర్యుడు మిణకడు కదా. హాలులోకి రాగానే మళ్లీ 1/50కి రావడం మరవకండి. లోపల ఎపర్చర్ ఎఫ్/4 దగ్గర ఉంచితే అక్షింతలు వేసే పెద్దవారి ముఖం, అమ్మాయి ముఖం రెండూ స్పష్టంగా ఉండే అవకాశం ఎక్కువ. వెనకంతా మసకబారే ఎఫ్/1.8 అందం పోర్ట్రెయిట్ ఫొటోలకు దాచుకోండి. ఫోకస్‌కు ముఖాన్ని గుర్తించే కంటిన్యువస్ ఆటోఫోకస్ చాలు.

ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలతో బొమ్మనిచ్చే 4కె వద్దని ఎందుకంటున్నానంటే, ఫొటోల కోసం తయారైన కెమెరాల్లో అది తరచూ ఏదో ఒకటి తీసుకుని ఇస్తుంది. ఉదాహరణకు కానన్ ఎం50లో 4కె పెడితే ఫ్రేము బాగా కుంచించుకుపోతుంది, పేరుమోసిన డ్యుయల్ పిక్సెల్ ఆటోఫోకస్ కూడా పనిచేయదు. ఇరుకు గదిలో తీసేటప్పుడు ఇది పెద్ద నష్టం. మీ కెమెరా పూర్తి వెడల్పుతో 4కె ఇస్తూ, మీ కంప్యూటర్ దాన్ని తడబడకుండా నడపగలిగితే తీసుకోండి, 25 ఫ్రేములే పెట్టండి. 50పి నెమ్మది కదలికల కోసం. పూలు చల్లే క్షణం లాంటివి సగం వేగంతో చూపాలనుకుంటే అప్పుడు వాడండి, షట్టర్ 1/100 చేయండి. ప్రతి ఫ్రేమునూ విడిగా దాచే ఆల్-ఐ ఫైళ్లు బరువు, ఎడిటింగ్ చేసేవారికే లాభం. లాగ్ జోలికి వెళ్లకండి. అది చప్పటి, వెలిసిన రంగుల్లో రికార్డు చేస్తుంది. ఒక్కో షాట్‌కూ కూర్చుని రంగులు దిద్దితే తప్ప మీ వాళ్లకు నచ్చదు.

ఇవన్నీ పెట్టాక డయల్ మీద సి1 లాంటి కస్టమ్ స్థానంలో భద్రపరచండి. వేడుక రోజు డయల్ తిప్పితే చాలు.

సెట్టింగుల కన్నా నేను గట్టిగా పట్టుబట్టేది ధ్వని గురించి. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా ఇంట్లోవాళ్లు చూస్తారు. తాతగారి ఆశీర్వాదం వినపడకపోతే ఆ వీడియో ఉండీ లేనట్టే. కెమెరాలోని మైకు లెన్సు మోటారు గరగరను, ఏసీ హోరును ముందు పట్టుకుంటుంది. 3.5 మి.మీ. మైకు రంధ్రం ఉంటే చిన్న బయటి మైకు పెట్టండి. మేళం మోగుతున్నప్పుడే ధ్వని మీటరు చూసి, పెద్ద శబ్దాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా లెవెల్ తగ్గించండి. ప్రతి షాటూ కనీసం పది సెకన్లు కదలకుండా పట్టుకోండి. ఫొటో తీసినవారికి రెండు సెకన్లకే పని అయిపోయినట్టు అనిపిస్తుంది, జాగ్రత్త.

ప్రశ్న: రవీంద్రభారతిలో మా అమ్మాయి కూచిపూడి రంగప్రవేశం రికార్డు చేస్తుంటే అరగంటకు కెమెరా దానంతట అదే ఆగిపోయింది. చెడిపోయిందా?
- ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: లేదండీ, బాగానే ఉంది. 29 నిమిషాల 59 సెకన్ల దగ్గర ఆగిందంటే అది తయారీదారు పెట్టిన హద్దే. యూరప్ కస్టమ్స్ నిబంధనల్లో 30 నిమిషాలు, అంతకు మించి ఏకధాటిగా రికార్డు చేసేవాటిని వీడియో కెమెరాల కింద లెక్కగట్టి సుంకం వేసేవారు. దాన్ని తప్పించుకోవడానికి ఫొటో కెమెరాలకు ఈ కత్తెర వేశారు. కొత్త కెమెరాలు చాలావాటిలో ఇది లేదు. మీరు చేయగలిగింది ఒకటే, ఒక అంశం ముగిసి చప్పట్లు మోగుతుండగా ఆపి వెంటనే మళ్లీ మొదలుపెట్టడం. ఒకే షాట్ రెండు మూడు ఫైళ్లుగా కనిపిస్తే కంగారు పడకండి. 32 జీబీ వరకు ఉండే కార్డుల్లో ఒక ఫైలు 4 జీబీ దాటడం కుదరదు కాబట్టి కెమెరా ముక్కలు చేస్తుంది, ఎడిటింగ్‌లో కలుపుకోవచ్చు.

ప్రశ్న: కోఠిలో మెమరీ కార్డు కొనబోతే వి30 చాలదు, వి60 తీసుకోమన్నారు. ధర బాగా ఎక్కువ. అవసరమా?
- ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: అవసరం లేదు. వి30 అంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాస్తుందన్న హామీ. సెకనుకు 100 మెగాబిట్ల 4కె వీడియోకు కావాల్సింది 12.5 మెగాబైట్లే (8 మెగాబిట్లు ఒక మెగాబైట్). ఆ లెక్కన 64 జీబీ కార్డులో దాదాపు 85 నిమిషాల వీడియో పడుతుంది. 30 మెగాబిట్ల ఫుల్ హెచ్‌డీ అయితే నాలుగున్నర గంటలు దాటుతుంది. కార్డు మీద పెద్ద అక్షరాలతో ఉండే వేగం సాధారణంగా చదివే వేగం, రాసేది కాదు. దాన్ని చూసి కొనకండి. మిగిలిన డబ్బుతో రెండో వి30 కార్డు తీసుకోండి. నకిలీలు చెలామణిలో ఉన్నాయి కాబట్టి బిల్లు తప్పక అడగండి. ఇంటికి రాగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత విండోస్ ప్రోగ్రాంతో కార్డును నిండా రాయించి చదివించండి. తేడా వస్తే మర్నాడే తీసుకెళ్లి మార్పించుకోండి.