‘శాస్త్రీయ విశ్వాసం’ అనవచ్చునా?

సందేహం: ఆధునిక పాశ్చాత్య సమాజాన్ని సైన్సు ఎలా మలచిందో చెప్పే ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో ‘ఫెయిత్ ఇన్ సైన్స్’ అన్న మాట పదేపదే వస్తుంది. నేను ‘విజ్ఞానంపై విశ్వాసం’ అని రాయగా, ఒక మిత్రురాలు దానిని ‘శాస్త్రీయ విశ్వాసం’ అని దిద్దారు. మరొకరు, సైన్సు రుజువుల మీద నడిచేది గనుక దాని పక్కన విశ్వాసమన్న మాటే పొసగదని అన్నారు. ఏది సాధువో తెలుపగలరు. – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మొదటి దిద్దుబాటును ఒప్పుకోలేను. ‘శాస్త్రీయ విశ్వాసం’ అంటే శాస్త్రసమ్మతమైన విశ్వాసమని అర్థం వస్తుంది గాని, శాస్త్రం మీద పెట్టుకొన్న విశ్వాసమని రాదు. ‘శాస్త్రీయ’ అన్న విశేషణాన్ని ఈ కాలంలో మనం విచక్షణ లేకుండా వాడుతున్నాం. సంగీతం దగ్గర అది సంప్రదాయాన్ని సూచిస్తుంది, దృక్పథం దగ్గర సంప్రదాయాన్ని ప్రశ్నించడాన్ని సూచిస్తుంది, పత్రికల్లో చెత్త సేకరణ మొదలు సీట్ల పంపకం దాకా నచ్చని ప్రతి ఏర్పాటూ ‘అశాస్త్రీయం’ అవుతుంది. ఇన్ని బరువులు మోసే మాటకు ఇంకొకటి తగిలించకండి.

‘శాస్త్రం’ అన్న నామవాచకానిదీ చిక్కే. అది ‘శాస్’ ధాతువు నుంచి పుట్టింది. శాసించేది, ఇలా చేయమని విధించేది శాస్త్రం. లాటిను ‘సియెంతియా’ తెలుసుకోవడమనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. పైగా ‘శాస్త్రానికి నాలుగు అక్షింతలు వేశాడు’ అన్నప్పుడు తెలుగువాడు ఆ మాటకు నామమాత్రమనే అర్థం కూడా కల్పించుకొన్నాడు. అందువల్ల మీరు రాసిన ‘విజ్ఞానం’ మేలైన మాట. ‘మోక్షే ధీర్‌జ్ఞానమన్యత్ర విజ్ఞానం శిల్పశాస్త్రయోః’ అని అమరకోశం: మోక్షం వైపు తిరిగిన బుద్ధి జ్ఞానం, శిల్పాల్లోను (అంటే చేతిపనుల్లోను) శాస్త్రాల్లోను ప్రవర్తించేది విజ్ఞానం. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు, వారి మిత్రులు తమ గ్రంథమండలికి ‘విజ్ఞాన చంద్రిక’ అని పేరు పెట్టినప్పుడే ఈ పదానికి ఆధునిక జీవితం స్థిరపడింది.

ఇక అసలు విషయం రెండో ఆక్షేపణలో ఉంది. సైన్సు పక్కన విశ్వాసం పొసగదనడం చరిత్రకు నిలవదు. ఈ సంగతి తేలాలంటే మనం పోగొట్టుకొన్న ఒక మాట దగ్గరకు వెళ్లాలి. అది ‘శ్రద్ధ’.

ఈనాడు ఈ మాట ‘శ్రద్ధగా చదువుకో’, ‘ఆరోగ్యం మీద శ్రద్ధ తీసుకో’ అన్న వాక్యాల్లో మాత్రమే మిగిలింది. ఆసక్తికి, జాగ్రత్తకు పర్యాయపదంగా కుదించుకుపోయింది. దీని పూర్వవైభవం వేరు. ఋగ్వేదం పదో మండలంలోని 151వ సూక్తం శ్రద్ధనే దేవతగా స్తుతిస్తుంది. వైదిక నిఘంటువు ‘శ్రత్’ అన్నదానిని సత్యానికి గల పేర్లలో చేర్చింది కనుక, శ్రత్ మీద ‘ధా’ ధాతువు చేరిన శ్రద్ధ, సంప్రదాయం ప్రకారం, ఒకదానిని సత్యమని మనస్సులో నిలుపుకోవడం. తులనాత్మక భాషాశాస్త్రజ్ఞులు దీనినే లాటిను ‘క్రేదో’తో ఏకమూలకమని గుర్తించి, హృదయాన్ని ఒకదానిపై ఉంచడమని మూలార్థాన్ని ఊహించారు. ఆ ‘క్రేదో’ క్రైస్తవుల విశ్వాసప్రమాణానికి లాటినులో మొదటి మాట; ఇంగ్లీషు ‘క్రీడ్’, బ్యాంకుల ‘క్రెడిట్’ దాని సంతానం. ‘యో యచ్ఛ్రద్ధః స ఏవ సః’, ఎవడి శ్రద్ధ ఏదో వాడు అదే, అని గీత. శంకరుల పేర ప్రసిద్ధమైన వివేకచూడామణి ఇంకా స్పష్టంగా నిర్వచించింది: శాస్త్రాన్ని, గురువాక్యాన్ని సత్యమనే బుద్ధితో నిశ్చయించుకోవడమే శ్రద్ధ.

ఈ నిర్వచనాన్ని చేత పట్టుకొని లండన్‌కు వెళ్లండి. 1660లో అక్కడ ఏర్పడిన రాయల్ సొసైటీ తన ధ్యేయవాక్యంగా ‘నుల్లియుస్ ఇన్ వెర్బా’ అన్న లాటిను మాటలను ఎంచుకొంది. అవి రోమన్ కవి హొరేసు పంక్తికి సంక్షేపం. ఏ గురువు మాటల మీదా ప్రమాణం చేయడానికి కట్టుబడనని ఆయన అన్నాడు. ప్రమాణమన్న మన మాటకు ఒట్టు అనీ, తెలుసుకొనే సాధనమనీ రెండర్థాలున్నాయి గనుక ఈ వాక్యం తెలుగులో మూలంకన్నా నిండుగా పలుకుతుంది. ప్రయోగం చేసి చూపినదే గ్రాహ్యం, గురువాక్యం ప్రమాణం కాదు. అంటే వివేకచూడామణి చెప్పిన శ్రద్ధకు సరిగ్గా వ్యతిరేకమైన ప్రతిజ్ఞతో ఆధునిక విజ్ఞానసంస్థ మొదలైంది. మీ రెండో మిత్రుల ఆక్షేపణకు బలం ఇక్కడే ఉంది, ఇంతవరకే ఉంది.

ఆ తరువాత నూరేళ్లు గడిచేసరికి, ప్రయోగశాల బయట ఉన్న సమాజం ఆ విజ్ఞానం మీద తన హృదయాన్ని ఉంచింది. న్యూటన్ 1687లో ఒకే నియమంతో గ్రహాల గతిని, నేల రాలే వస్తువుల గతిని వివరించడంతో, మనుషుల వ్యవహారాలకు కూడా అటువంటి నియమాలు దొరుకుతాయన్న ఆశ యూరప్‌లో పుట్టింది. ఫ్రెంచి విప్లవం ఆ ఆశను చట్టం చేసింది: మీటరును భూమధ్యరేఖ నుంచి ధ్రువం దాకా ఉన్న దూరంలో కోటో వంతుగా నిర్ణయించారు, 1793లో పది రోజుల వారాలతో కొత్త పంచాంగం పెట్టారు. మీటరు ప్రపంచమంతా వ్యాపించింది. పంచాంగం 1806 ప్రారంభంతో రద్దయింది. కొలబద్దను మార్చుకొన్నంత సులువుగా ఆదివారాన్ని వదులుకోవడానికి జనం సిద్ధపడలేదు.

ఈ కథలో నేను ప్రత్యేకంగా తలచుకోవలసినవాడు ఫ్రెంచి ఆలోచనాపరుడు ఓగ్యూస్ట్ కోంట్ (1798–1857). మానవబుద్ధి దైవపరమైన దశను, తాత్వికదశను దాటి విజ్ఞానదశకు చేరుతుందని ఆయన 1830 నుంచి 1842 దాకా ఆరు సంపుటాల్లో ప్రతిపాదించాడు. అక్కడితో ఆగి ఉంటే ఆయన తత్త్వవేత్తగా మిగిలేవాడు. దేవుడు తొలగిన చోటు ఖాళీగా ఉండరాదని తలచి ‘మానవతా మతం’ స్థాపించాడు. 1849లో ప్రకటించిన పంచాంగంలో ఇరవై ఎనిమిదేసి రోజుల మాసాలు పదమూడు. మోషే పేరుతో మొదలై, ఆర్కిమెడిస్, గూటెన్‌బర్గ్, డెకార్ట్ వంటివారి పేర్ల మీదుగా, శరీరశాస్త్రజ్ఞుడు బిషా పేరుతో ముగుస్తుంది. 1852లో ప్రశ్నోత్తరాల రూపంలో మతబోధిని కూడా రాశాడు. క్రైస్తవం తీసివేసిన క్యాథలిక్ మతమని ఇంగ్లండులో హక్స్‌లీ దీనిని నిరసించాడు. ఆ హక్స్‌లీ డార్విన్ పక్షాన నిలిచి పోరాడిన విజ్ఞాని అన్న సంగతి గమనించాలి. బ్రెజిల్‌లో 1881లో ఈ మతానికి చర్చి వెలసింది. 1889 నాటి ఆ దేశపు జెండా మీద నేటికీ నిలిచి ఉన్న ‘క్రమం, ప్రగతి’ కోంట్ సూత్రం నుంచి వచ్చినవే. మోక్షానికి జ్ఞానం, శిల్పశాస్త్రాలకు విజ్ఞానం అని అమరకోశకర్త అమరసింహుడు గీసిన గీతను కోంట్ చెరిపి, విజ్ఞానం చేత మోక్షం పని చేయించబూనాడు. దీనికి ‘విశ్వాసం’ తప్ప వేరే మాట చాలదు.

సామాన్యులు దాచుకొన్నది మాత్రం ఇటువంటి విశ్వాసం కాదు, నమ్మకం. తమిళ, కన్నడాల ‘నంబు’కు తోబుట్టువైన ‘నమ్ము’ మన సొంత ధాతువు. నమ్మకం కుదురుతుంది, సడలుతుంది, పోతుంది. ఫలితం చూసి పెరుగుతుంది. 1885లో పాశ్చర్ పిచ్చికుక్క కాటుకు చేసిన చికిత్స ఫలించడంతో ప్రజలు చందాలు పోగుచేయగా, 1888లో పారిస్‌లో ఆయన పేర పరిశోధనాలయం తెరుచుకొంది. దీనికి మతబోధిని అవసరం లేకపోయింది. 1917లో మ్యూనిక్‌లో చేసిన ప్రసంగంలో జర్మన్ సమాజశాస్త్రజ్ఞుడు మాక్స్ వెబర్ ఈ స్థితిని నిశితంగా వర్ణించాడు: ట్రాము ఎక్కినవాడికి, అతడు భౌతికశాస్త్రజ్ఞుడైతే తప్ప, అది ఎలా కదులుతోందో తెలియదు, కావాలంటే తెలుసుకోగలనన్న భరోసా మాత్రం ఉంటుంది. మన నైయాయికుల, అంటే న్యాయదర్శన తార్కికుల, పరిభాషలో ఇది ఆప్తవాక్యాన్ని, నమ్మదగినవారి మాటను, ప్రమాణంగా గ్రహించడం; దీనినే వారు శబ్దప్రమాణమంటారు. ఎవరి మాటనూ ప్రమాణంగా తీసుకోబోమన్న సంస్థల మాటే కోట్లాది మందికి శబ్దప్రమాణమైంది. విజ్ఞానం వల్ల లభించేది తెలుసుకోదగినదేనని ముందుగా ఒప్పుకోక తప్పదనీ, ఆ ఒప్పుకోలును విజ్ఞానమే రుజువు చేయలేదనీ కూడా వెబర్ ఆ ప్రసంగంలోనే చెప్పాడు. ఆక్షేపించిన మిత్రులకు ఈ మాట చూపండి.

నమ్మకం శాసనమైన సందర్భం కూడా ఉంది, అక్కడ నాకు ‘శాస్త్రం’ అన్న పాత మాటే సరిగ్గా అతుకుతుంది. 1883లో ఇంగ్లండు విజ్ఞాని గాల్టన్ పేరుపెట్టిన ‘యూజెనిక్స్’, అంటే మేలైన సంతానాన్ని ఎంచి పెంచాలన్న సిద్ధాంతం, ఆనాటి విశ్వవిద్యాలయాల్లో విజ్ఞానంగానే చెల్లింది. 1907లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం దాని ఆధారంగా నిర్బంధ వంధ్యీకరణ చట్టం, అంటే బలవంతంగా సంతానం కలగకుండా చేసే చట్టం, చేసింది. 1927లో అమెరికా సుప్రీంకోర్టు క్యారీ బక్ అనే యువతి విషయంలో వర్జీనియా చట్టాన్ని సమర్థించింది. ఆ దేశంలో అరవై వేల మందికి పైగా సంతానయోగ్యత కోల్పోయారు. 1933లో జర్మనీ చేసిన చట్టం వెనుక ఈ అమెరికన్ నమూనాలు ఉన్నాయి. సాటి విజ్ఞానులు ప్రశ్నించవలసిన సిద్ధాంతాన్ని న్యాయమూర్తులు శిరసావహించారు. ప్రశ్నించే అలవాటు లేని శ్రద్ధ విజ్ఞానానికి కాదు, విజ్ఞానులన్న పేరుకు దక్కింది. ఈ తేడాను చూపలేని అనువాదం పాఠకుడికి అన్యాయం చేస్తుంది.

కనుక నా సలహా ఇది. మూలంలో ఒకే మాట ఉన్నదని తెలుగులోనూ ఒకే మాట పెట్టాలన్న పట్టుదల వద్దు. మందులు, యంత్రాలు, ఫలితాల ప్రసక్తి ఉన్నచోట ‘విజ్ఞానంపై నమ్మకం’ అనండి. కోంట్ అనుయాయుల ప్రసక్తిలోను, ప్రగతే మానవుడి గమ్యమన్న ఆశ ఉన్నచోట ‘విజ్ఞానంపై విశ్వాసం’ అనండి. విశ్వాసమంటే ‘శ్వస్’ ధాతువు ప్రకారం గుండె నిండా ఊపిరి పీల్చుకొనే నిశ్చింత. తెలుగులో కృతజ్ఞత, స్వామిభక్తి అన్న అర్థాలూ, క్రైస్తవుల వాడుకలో మతనిష్ఠ అన్న అర్థమూ చేరాయి. ‘మూఢనమ్మకం’ తీర్పు చెప్పే మాట, రచయిత ఆ తీర్పు చెప్పనిచోట మీరు చెప్పకూడదు. ‘విజ్ఞానశ్రద్ధ’ అన్న సమాసం నాకు ఇష్టమే. పరీక్షలకు చదివే పిల్లల శ్రద్ధగా పాఠకుడు దానిని పొరబడతాడన్న శంక వల్ల గట్టిగా సిఫారసు చేయలేకున్నాను. మీ వ్యాసంలో ‘సైంటిజం’, అంటే విజ్ఞానమొక్కటే సత్యాన్ని చెప్పగలదన్న వాదం, అన్న మాట కూడా వచ్చి ఉంటుంది. కొందరు దానికి వాడే ‘విజ్ఞానవాదం’ బౌద్ధుల్లో ఒక శాఖకు ముందే పేరైపోయింది గనుక, అంతకన్నా మంచి మాట కుదిరేదాకా ‘సైన్సువాదం’ అని రాయడంలో దోషమేమీ నాకు కనబడదు.