మాల్దీవుల డైవింగ్‌కు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. వయసు 34. పైడిభీమవరంలోని మందుల కంపెనీలో పని, చేతికి 58 వేలు వస్తాయి. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, ఆమెకు 16 వేలు. ఐదేళ్ల పాప. ఇంటి ఖర్చులు, సొంతూరికి పంపేవి, చిట్టీ పోగా నెలకు 20 వేలు మిగులుతాయి. ఖర్చు మొత్తం 46 వేలు, చిట్టీకి 8 వేలు పోతాయి. 3.2 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, వడ్డీ 6.75 శాతం. బంగారం మీద 1.5 లక్షల అప్పు ఉంది, వడ్డీ పదిన్నర శాతం. రెండెకరాల జీడి తోట మీద ఏటా 70 వేల దాకా వస్తుంది. నిరుడు రుషికొండలో ఒకసారి స్కూబా డైవింగ్ చేశాను. అప్పటినుంచి వేరే ఆలోచన లేదు. మాల్దీవుల్లో వారం రోజులు పడవలోనే ఉంటూ, జనం వెళ్లని పగడపు దిబ్బలు, మునిగిన ఓడలు చూపించే యాత్ర ఉందట. అన్నీ కలిపి 2.5 లక్షలు. 14 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా? ‘డబ్బిచ్చి మరీ సముద్రంలో దూకుతావా’ అని అమ్మ గొడవ.

జవాబు: ముందుగా అమ్మగారి మాట. తుపాను హెచ్చరిక వస్తే సముద్రం వైపు చూడొద్దని పిల్లలను లోపలికి లాగే ఊళ్లలో పెరిగిన మనిషి ఆవిడ. ఆ కోపాన్ని నేను తప్పు పట్టను. కానీ మీ కోరిక వృథా ఖర్చని కూడా అనను. అంతకన్నా పెద్ద మొత్తాలు పెళ్లిళ్లలో ఒక పూట భోజనాలకు పెట్టిన ఇళ్ల లెక్కలు నేను చూశాను. నా అభ్యంతరం కోరిక మీద కాదు, వరుస మీద.

రెండున్నర లక్షలకు 14 శాతం చొప్పున 36 నెలల వాయిదా సుమారు 8,540 రూపాయలు. మూడేళ్లలో మీరు కట్టే వడ్డీ 57 వేల పైచిలుకు. అండమాన్‌లో స్కూబా నేర్పే మొదటి మెట్టు ఓపెన్ వాటర్ కోర్సుకు, దాని పైమెట్టు అడ్వాన్స్‌డ్ కోర్సుకు కలిపి అయ్యే ఫీజు దాదాపు ఇంతే. బ్యాంకుకు వడ్డీగా ఇవ్వబోయే డబ్బుతో మీరు డైవర్ అయిపోవచ్చన్నమాట. ఇప్పుడు మీరు డైవర్ కాదు. రుషికొండలో మీరు చేసింది శిక్షకుడు మీ చెయ్యి పట్టుకుని తిప్పిన పరిచయ డైవ్. దానితో మాల్దీవుల పడవ ఎక్కలేరు.

ఓపెన్ వాటర్ కోర్సు పూర్తిచేసి కార్డు పొందినవారికి 18 మీటర్ల లోతు వరకే అనుమతి, అడ్వాన్స్‌డ్ ఉంటే 30 మీటర్లు. మాల్దీవుల్లో వినోద డైవింగ్‌కు చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి కూడా 30 మీటర్లే. మీరు చూడాలనుకునే ఓడల్లో ‘మాల్దీవ్ విక్టరీ’ అనే సరుకు ఓడ తప్పక ఉంటుంది. 1981 ఫిబ్రవరి 13న మాలే విమానాశ్రయం పక్కన దిబ్బకు గుద్దుకుని మునిగింది. అడుగు భాగం 35 మీటర్ల దగ్గర ఉంది, ప్రవాహం కూడా గట్టిదే. మొదటి మెట్టు కార్డుతో అక్కడ దిగడం కుదరదు. అందుకే చాలా పడవలు అడ్వాన్స్‌డ్ కార్డుతోపాటు 30 నుంచి 50 డైవ్‌లు నమోదైన లాగ్‌బుక్కు చూపించమంటాయి. డబ్బు కట్టాక ఈ నిబంధన చదివినవాళ్లు నా దగ్గరకు వచ్చారు, అడ్వాన్సు తిరిగి రాలేదు.

విజయనగరం నుంచి వచ్చే ఒక క్లయింటు తన లాగ్‌బుక్కు నా బల్ల మీద పెట్టారు. నాకు సరిగా ఈత కూడా రాదు కానీ అంకెలు చదవగలను. ఆయన ఆరో డైవ్ ఎదురుగా ఇలా రాసి ఉంది: సిలిండరులో గాలి పీడనం 200 బార్ నుంచి 50 బార్, సమయం 29 నిమిషాలు. ముప్పై నాలుగో డైవ్ దగ్గర అదే 200 నుంచి 50, సమయం 52 నిమిషాలు. సిలిండరు అదే, మనిషి అదే. కొత్తలో భయంతో ఎగశ్వాస, చేతులు కాళ్లు ఆడించడం. అలవాటయ్యాక నిదానంగా పీల్చి వదలడం. మీ 2.5 లక్షలను వారంలో దొరికే 18 డైవ్‌లకు పంచితే ఒక్కోటి 13,900 రూపాయలు. 29 నిమిషాల్లో పైకి వచ్చేవారికి నిమిషం 480 రూపాయలు పడుతుంది. 52 నిమిషాలు ఉండగలిగినవారికి 267. అదే పడవ, అదే టిక్కెట్టు, సగానికి దగ్గర ధర! మునిగిన ఓడ చుట్టూ ఒక రౌండు తిరగకముందే గాలి అయిపోయి పైకి రావలసి వస్తే, ఆ రౌండుకు మూడేళ్లు వాయిదాలు కట్టాలి.

ఇక మీ ఇంటి లెక్క. పదిన్నర శాతానికి అప్పు పెట్టుకుని 6.75 శాతానికి డిపాజిట్ దాచుకోవడం ఎందుకు? ఈ నెలలోనే డిపాజిట్ నుంచి 1.5 లక్షలు తీసి బంగారం విడిపించండి. ముందే తీసినందుకు వడ్డీ కొంచెం కోత పడినా లాభమే. మిగిలే 1.7 లక్షలు అత్యవసర నిధి. మీ నెల ఖర్చు 46 వేలు కాబట్టి ఆరు నెలలకు 2.76 లక్షలు ఉండాలి. లోటు లక్ష చిల్లర. ఐదారు నెలలు మిగులంతా అందులోకే పోవాలి. టర్మ్ పాలసీ లేకపోతే ఈలోపే తీసుకోండి. దరఖాస్తులో ప్రమాదకర హాబీలు ఉన్నాయా అని అడుగుతారు. డైవింగ్ నేర్చుకోబోతున్నానని రాయండి. ప్రీమియం కాస్త పెరగవచ్చు, దాచిపెడితే మాత్రం క్లెయిము నాడు మీ ఇంట్లోవాళ్లు ఇబ్బంది పడతారు.

జీడి డబ్బును నేను నెలవారీ ఆదాయంలో కలపలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో తోటలు ఎలా పడిపోయాయో మీకు చెప్పాలా? పంట వచ్చిన ఏడు ఆ డబ్బు డైవింగ్‌కు, రాని ఏడు డైవింగ్ లేదు. మొదటి ఏడాది జీడి సొమ్ముతో అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో ఓపెన్ వాటర్. ఆ దీవిని ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. రెండో ఏడాది అడ్వాన్స్‌డ్, మరికొన్ని డైవ్‌లు. మూడో ఏడాది థాయ్‌లాండ్‌లోని సిమిలన్ దీవులకు నాలుగు రోజుల పడవ యాత్ర. అక్కడి పడవలు చాలావరకు ఓపెన్ వాటర్ కార్డు ఉన్నవారినీ ఎక్కించుకుంటాయి. మాల్దీవుల దానికన్నా చౌక. పడవలో నిద్ర పడుతుందా, వాంతులవుతాయా అన్నది అక్కడే తేలుతుంది. జీడి సొమ్ము చాలకపోతే సిమిలన్‌ను ఒక ఏడాది వెనక్కి జరపండి, నిధి ముట్టవద్దు.

అత్యవసర నిధి నిండిన నెల నుంచి నెలకు 8 వేల రికరింగ్ డిపాజిట్ వేయండి. ఆరున్నర శాతం వడ్డీ వస్తే 30 నెలలకు 2.6 లక్షలు అవుతుంది. ఆ లోన్ వాయిదా కన్నా తక్కువే, వడ్డీ ఈసారి మీకు వస్తుంది. మిగిలిన 12 వేలలో పాప పేర సుకన్య సమృద్ధి, తర్వాత ఇండెక్స్ ఫండ్. వాటి వివరాలు మరోసారి రాయండి, ఇక్కడ ఇరికించను.

ఏజెన్సీ మీకు ఇచ్చిన 2.5 లక్షల కాగితం మళ్లీ చదవండి. సామగ్రి అద్దె, నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన) గాలి, పర్యాటకుల దగ్గర మాల్దీవులు వసూలు చేసే గ్రీన్ టాక్స్, సిబ్బంది బక్షీసు అందులో ఉన్నాయా? మరొకటి ఎవరూ చెప్పరు. చివరి డైవ్ అయ్యాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, చాలామంది 24 గంటలు ఆగమంటారు. రక్తంలో కరిగిన నత్రజని బుడగలు కట్టి డీకంప్రెషన్ జబ్బు వచ్చే ప్రమాదం ఉంటుంది. అందువల్ల మాలేలో అదనంగా ఒక రాత్రి హోటలు, భోజనం మీ లెక్కలో ఉండాలి. మామూలు ప్రయాణ బీమాలో స్కూబాను తరచుగా మినహాయిస్తారు. డీకంప్రెషన్ చాంబర్ చికిత్స, పడవ మీదనుంచి ఆసుపత్రికి తరలింపు, ఎంత లోతు వరకు రక్షణ, ఈ మూడూ పాలసీలో అక్షరాలా రాసి ఉంటేనే కొనండి. లేకపోతే డాన్ అనే డైవర్ల సంస్థ బీమా చూడండి. ప్యాకేజీని ఇక్కడి ఏజెన్సీ ద్వారా కొంటే టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తారు. అది పోయినట్టు కాదు, రిటర్నులో సర్దుబాటు అవుతుంది. కానీ ఆ రోజున చేతిలో ఉండాలి.

పడవ ఎంపికలో చవక వెతకవద్దు. 2019 సెప్టెంబరు 2న కాలిఫోర్నియా దగ్గర ‘కన్సెప్షన్’ అనే డైవింగ్ పడవలో రాత్రివేళ మంటలు లేచి 34 మంది పోయారు. రాత్రి కాపలా ఉంటారా, పడుకునే గదుల నుంచి రెండో దారి ఉందా అని ఈమెయిల్లో అడగండి. జవాబు ఇవ్వని పడవను వదిలేయండి.

మీ శ్రీమతి గురించి మీరు రాయలేదు. ఆమె డైవ్ చేయకపోతే ఆ పడవ మీద ఆమెకు వారమంతా డెక్కు, పుస్తకం, ఎండ తప్ప మరేమీ ఉండవు, అయినా టిక్కెట్టు దాదాపు అంతే. ఐదేళ్ల పాపను ఎక్కించుకునే పడవలు అరుదు. అందుకని మొదటి హావ్‌లాక్ ప్రయాణానికి ముగ్గురూ వెళ్లండి. మీరు పొద్దున కోర్సుకు పోతే వాళ్లిద్దరూ రాధానగర్ ఇసుకలో ఉంటారు. అమ్మగారు వస్తానంటే నాలుగో టిక్కెట్టు కూడా జీడి డబ్బులోనే రాసుకోండి.