గోల్ఫ్ బ్యాగులోంచి 3, 4, 5 ఐరన్లు తీసేసి హైబ్రిడ్లు కొనాలా?

అన్నా, మీరు చెప్పిన లెక్క ఇది: స్టీల్ షాఫ్ట్‌ల (క్లబ్ కర్రల) పాత సెట్, 3 ఐరన్ నుంచి మొదలు. ఐరన్ అంటే పలుచటి లోహపు తల ఉన్న క్లబ్, అంకె తగ్గేకొద్దీ దూరం కొట్టేది. 7 ఐరన్ 140 గజాలు పోతుంది. 4 ఐరన్ సరిగ్గా తగిలినా నేలబారుగానే పోతుంది. ఉండేది మహబూబ్‌నగర్‌లో, ఆట మాత్రం శని, ఆదివారాల్లో హైదరాబాద్‌లో. మూడు ఐరన్లు తీసేసి మూడు హైబ్రిడ్లు (ఐరన్‌కూ, పెద్ద తల ఉండే వుడ్‌కూ మధ్య రకం క్లబ్బులు) పెట్టుకోవాలా అని అడిగారు.

3, 4 తీసేయండి. 5 సంగతి కొలిచాకే తేల్చండి. మూడూ ఒకేసారి మాత్రం కొనకండి, ముందు ఒక్కటి చాలు.

7 ఐరన్ 140 గజాలంటే మీ స్వింగ్ వేగం మామూలు ఆటగాడిదే, తక్కువేం కాదు. కానీ 24 డిగ్రీల లాఫ్ట్ (బంతికి తగిలే ముఖం, అంటే ఫేస్, వెనక్కి వాలిన కోణం) ఉన్న 4 ఐరన్‌తో బంతిని పైకి లేపి గాల్లో నిలబెట్టాలంటే అంతకంటే ఎక్కువ వేగం కావాలి. లాఫ్ట్ తగ్గేకొద్దీ బంతి కిందుగా బయలుదేరుతుంది, స్పిన్ కూడా తగ్గుతుంది. ఆ లోటును వేగమే పూడ్చాలి. వేగం లేకపోతే 4 ఐరన్ బంతి, 5 ఐరన్ బంతి ఒకే చోట పడతాయి. అప్పుడు బ్యాగులో రెండు క్లబ్బులున్నా చేసే పని ఒకటే. హైబ్రిడ్‌లో బరువు ఫేస్‌కు వెనకగా, కిందగా ఉంటుంది, ఫేస్ పలుచగా ఉంటుంది. అందుకే అదే లాఫ్ట్‌తో బంతి ఇంకా ఎత్తుగా లేస్తుంది, మధ్యలో తగలకపోయినా వేగం మరీ పడిపోదు.

కొలవడం ఎట్లా అంటే, రేంజ్‌లో (ప్రాక్టీసు మైదానంలో) లాంచ్ మానిటర్, అంటే బంతి దూరం, కోణం కొలిచే యంత్రం, ఉన్నచోట ఒక గంట తీసుకోండి. 7, 6, 5, 4 వరుసగా ఒక్కోదానితో పది బంతులు కొట్టి, మంచివి రెండు, చెడ్డవి రెండు వదిలేసి, మిగిలిన ఆరింటి సగటు క్యారీ రాయండి. క్యారీ అంటే బంతి మొదటిసారి నేలను తాకే దూరం, దొర్లింది లెక్కలోకి రాదు. 7కీ 6కీ మధ్య 10 నుంచి 12 గజాల తేడా వచ్చి, 6కీ 5కీ మధ్య ఐదారు గజాలే ఉంటే, 5 ఐరన్ కూడా పోవాల్సిందే. తేడా 10 దాకా నిలబడితే 5 ఐరన్‌ను ముట్టుకోకండి. బంతి దిగే కోణం కూడా చూడండి. 40 డిగ్రీలకు బాగా తక్కువగా దిగితే గ్రీన్ (జెండా, గుంత ఉండే పొట్టి గడ్డి చోటు) మీద ఆగదు, దాటి అవతలికి దొర్లిపోతుంది. రేంజ్ బంతులు మామూలు బంతులకంటే తక్కువ దూరం పోతాయి కాబట్టి అంకెలను కోర్సుకు నేరుగా వర్తింపజేయొద్దు, క్లబ్‌కూ క్లబ్‌కూ మధ్య తేడానే చూడండి.

ఇంకొక సంగతి: మ్యాట్ అబద్ధం చెప్తుంది. బంతికి ముందే నేలను కొట్టినా క్లబ్ మ్యాట్ మీద జారి బంతిని ఎత్తేస్తుంది. వెడల్పాటి సోల్ (తల అడుగుభాగం) ఉన్న హైబ్రిడ్‌కైతే ఇది మరీ ఎక్కువ. అందుకే కొనేముందు ఎవరిదన్నా అడిగి గడ్డి మీద నాలుగు బంతులైనా కొట్టి చూడండి.

అందరూ తప్పులో కాలేసేది క్లబ్ మీది అంకె దగ్గర. "4 తీసేస్తున్నా, 4 హైబ్రిడ్ ఇవ్వండి" అని అడగొద్దు. పాత సెట్లలో 3 ఐరన్ 21, 4 ఐరన్ 24, 5 ఐరన్ 27 డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి. ఇప్పటి చాలా సెట్లలో 7 ఐరనే 28 నుంచి 30 డిగ్రీలు, వాటిలో 5 ఐరన్ మీ పాత 3 ఐరన్‌కు దగ్గర. హైబ్రిడ్లేమో సుమారుగా 3 అంటే 19, 4 అంటే 22, 5 అంటే 25 డిగ్రీలు, కంపెనీని బట్టి ఒకటి రెండు డిగ్రీలు అటూఇటూ. పైగా హైబ్రిడ్ షాఫ్ట్ అదే అంకె ఐరన్‌కంటే అంగుళం దాకా పొడవు. దానివల్ల ఒకే లాఫ్ట్ అయినా హైబ్రిడ్ కొన్ని గజాలు ఎక్కువే పోతుంది. మీ 24 డిగ్రీల 4 ఐరన్ స్థానంలో 22 డిగ్రీల హైబ్రిడ్ పెడితే దానికీ 5 ఐరన్‌కూ మధ్య 20, 25 గజాల ఖాళీ రావచ్చు. మీకు నేను చెప్పేది 25 డిగ్రీల చుట్టుపక్కలది. దానితో కొన్ని రౌండ్లు ఆడాక ఇంకా ఎక్కువ దూరాల్లో ఖాళీ కనిపిస్తే అప్పుడు 21, 22 డిగ్రీలది చూడండి. మీ దగ్గర 18 డిగ్రీల 5 వుడ్ ఉంటే 19 డిగ్రీల హైబ్రిడ్ అసలే అక్కర్లేదు, రెండూ దాదాపు ఒకే చోట దిగుతాయి.

షాఫ్ట్ బరువు గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు. స్టీల్ ఐరన్ షాఫ్ట్ 100 నుంచి 130 గ్రాములు ఉంటుంది. హైబ్రిడ్‌తో వచ్చే గ్రాఫైట్ షాఫ్ట్ చాలాసార్లు 60, 65 గ్రాములే. బరువైన ఐరన్‌కు అలవాటు పడ్డ చెయ్యి తేలిక క్లబ్‌ను తొందరగా తిప్పేస్తుంది, కుడిచేతి ఆటగాడికి బంతి ఎడమకు వంగిపోతుంది. "హైబ్రిడ్ కొడితే హుక్కే" అనేవాళ్లలో చాలామందికి ఉన్న రోగం ఇదే. మీకు 75 నుంచి 85 గ్రాములది మేలు. వుడ్ షాఫ్ట్ కంటే బరువుగా, ఐరన్ షాఫ్ట్ కంటే తేలికగా ఉంటే సరి. రెగ్యులర్, స్టిఫ్ అనే పేర్లకు కంపెనీలన్నిటికీ ఒకే కొలత లేదు, కాబట్టి అక్షరం చూసి కాదు, కొట్టి చూసి తీసుకోండి.

ఎడమకు పోవడానికి ఇంకో కారణం, కొన్ని హైబ్రిడ్ల లై (నేలకూ షాఫ్ట్‌కూ మధ్య కోణం) నిటారుగా, ఫేస్ కొంచెం మూసుకుని ఉండటం. గ్రిప్‌ను అర అంగుళం కిందికి పట్టుకుంటే కొంత సర్దుకుంటుంది. హోసెల్ (షాఫ్ట్ తలలో దూరే మెడ) తిప్పే రకమైతే ఒక మాట గుర్తుంచుకోండి: లాఫ్ట్ పెంచితే ఫేస్ ఇంకా మూసుకుంటుంది, తగ్గిస్తే తెరుచుకుంటుంది. మీది ఇప్పటికే హుక్ ఆట అయితే లాఫ్ట్ పెంచే వైపు తిప్పకండి.

కొట్టే పద్ధతి ఐరన్‌దే. వుడ్‌లాగా ఉంది కదా అని ఊడ్చినట్టు కొడితే, లేదా చేతులతో ఎత్తబోతే, బంతి నెత్తిన తగులుతుంది. బంతిని ఎడమ మడమకు ఒకటి రెండు బంతుల వెడల్పు లోపలికి పెట్టి, కొంచెం కిందికి దిగుతూ కొట్టండి. టీ పుల్ల మీద పెడితే సెంటీమీటరు ఎత్తు చాలు. ఎక్కువ పెడితే క్లబ్ పైభాగానికి తగులుతుంది.

మన దగ్గరి నేలా, వానలూ లెక్కలోకి తీసుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గడ్డి పెరిగి నేల మెత్తబడితే బంతి దొర్లదు, క్యారీయే దిక్కు. పొడుగు గడ్డి ఐరన్ మెడను పట్టి ఫేస్‌ను తిప్పేస్తుంది, హైబ్రిడ్ కొంత సులువుగా దాటుతుంది. మరీ లోతు గడ్డిలో అయితే రెండూ వద్దు, 8 ఐరన్ తీసి బయటపడండి. ఏప్రిల్, మే నెలల్లో ఫెయిర్‌వే (గ్రీన్ దాకా పోయే కోసిన గడ్డి దారి) గట్టిపడినప్పుడు కథ వేరు. గట్టి నేల మీద వెడల్పు సోల్ ఎగిరి బంతి నడుముకు తగలొచ్చు. అప్పుడు కిందుగా పోయి బాగా దొర్లే 5 ఐరన్‌దే పైచేయి. ఎదురుగాలికీ, చెట్ల కొమ్మల కిందనుంచి కొట్టడానికీ అదే. 5 ఐరన్ గురించి తొందరపడొద్దనడానికి ఇదో కారణం. ఫెయిర్‌వే బంకర్‌లో (ఇసుక గుంతలో) కూడా, బంతి శుభ్రంగా పైన కూర్చుని అంచు తక్కువగా ఉంటే తప్ప హైబ్రిడ్ తీయకండి.

7 ఐరన్ క్యారీ 165 గజాలు దాటేవాళ్లకు, బంతి ఇప్పటికే బాగా ఎత్తుగా లేచేవాళ్లకు ఈ సలహా వర్తించదు, వాళ్లకు 4 ఐరన్ పనికొస్తుంది. ఇంకా ఎత్తు కావాలనుకునేవాళ్లకు 21 డిగ్రీల 7 వుడ్ కూడా ఉంది. పొడవు ఎక్కువ, అందుకే తగిలించడం జర కష్టం.

హైబ్రిడ్ చేతగానివాళ్ల క్లబ్ అని ఎవరన్నా ఎగతాళి చేస్తే, 2009 పీజీఏ చాంపియన్‌షిప్ గుర్తు చేయండి. చివరి హోల్‌లో హైబ్రిడ్‌తో 200 గజాల పైనుంచి జెండా పక్కకు కొట్టి దక్షిణ కొరియా ఆటగాడు యాంగ్ యోంగ్-యున్ టైగర్ వుడ్స్‌ను ఓడించాడు. 2004 బ్రిటిష్ ఓపెన్ గెలిచిన టాడ్ హామిల్టన్ అయితే గ్రీన్ పక్కనుంచి పుటర్‌లాగా హైబ్రిడ్‌తోనే దొర్లించేవాడు. గ్రీన్ బయట గట్టి నేల మీద ఉన్నప్పుడు ఆ దెబ్బ మనకూ మస్తు పనికొస్తుంది.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే క్లబ్ తల పట్టుకుని ఊపి చూడండి. లోపల గలగలమంటే బంక ముక్క ఊడినట్టు. షాఫ్ట్ తలలో దూరే చోట సందు ఉందా, ఫేస్ చదునుగా ఉందా, పైభాగంలో పగుళ్లున్నాయా చూడండి. తిప్పే హోసెల్ ఉంటే దాన్ని తిప్పే రెంచి కూడా అడిగి తీసుకోండి. షాఫ్ట్ మార్చే ఆలోచన ఉంటే కొన భాగం వ్యాసం ముందే కొలిపించండి. ఐరన్లలో 0.355, 0.370 అంగుళాలు రెండూ ఉంటాయి, హైబ్రిడ్లలో ఎక్కువగా 0.370. ఇంట్లో పడున్న ఐరన్ షాఫ్ట్ దీనికి సరిపోతుందనుకోవద్దు.

హైబ్రిడ్ వచ్చాక తీసేయాల్సింది తీసేశాకే రౌండ్‌కు పోండి. 14 క్లబ్బులు దాటితే స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే ఆటలో) ఆడిన ఒక్కో హోల్‌కు రెండు స్ట్రోకుల చొప్పున, రౌండ్ మొత్తానికి నాలుగు దాకా శిక్ష.

వారం మధ్యలో ఇంటి దగ్గర నెట్‌లో కొడితే ఎత్తు తెలియదు, కానీ ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. ఫేస్ మీద కొంచెం పౌడర్ చల్లి కొట్టి, గుర్తు మడమ వైపు పడుతోందా, మొన వైపు పడుతోందా చూసుకోండి. చెల్కలో మొరం మీద నేరుగా కొట్టకండి, సోల్‌కు గీతలు పడతాయి. ఒక మ్యాట్ ముక్క వేసుకోండి. మే నెల ఎండల్లో బ్యాగును కారు డిక్కీలో రోజుల తరబడి ఉంచకండి, ఆ వేడికి గ్రిప్‌లు పాడవుతాయి, తలను పట్టి ఉంచే బంక కూడా బలహీనపడుతుంది.