డాక్టరేట్ ఫీజుకు అత్యవసర నిధిని ముట్టుకోవద్దు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఒక హాస్పిటల్‌లో ఆపరేషన్స్ మేనేజర్‌ని. ఉద్యోగం చేస్తూనే హెల్త్ అడ్మినిస్ట్రేషన్‌లో డాక్టరేట్ చేయాలనుకుంటున్నాను. మూడేళ్ల కోర్సు. నా జీతాన్ని నెలకు 100 అనుకుంటే మొత్తం ఫీజు 900. ఇంటి ఖర్చులు 60, హోమ్ లోన్ ఈఎంఐ 20 పోగా మిగిలే 20 ఇటీవలే షేర్ల ఫండ్‌లో వేయడం మొదలుపెట్టాను. ఐదు నెలల ఖర్చులకు సరిపడా 300 అత్యవసర నిధి ఉంది. దాంతో మొదటి ఏడాది ఫీజు కట్టి, మిగతా 600కు పర్సనల్ లోన్ తీసుకుంటాను. చివర్లో థీసిస్ కోసం ఆరు నెలలు సగం జీతంపై సెలవు పెడతాను. అవసరమైతే క్రెడిట్ కార్డు ఉంది. డాక్టరేట్ వచ్చాక జీతం పెరుగుతుంది కాబట్టి అప్పు తీరిపోతుంది. ఈ ప్లాన్ సరైనదేనా?

జవాబు: కాదు. మీ అనుభవానికి ఈ చదువు బాగా కలిసొస్తుంది, అందులో సందేహం లేదు. తప్పంతా డబ్బు తెచ్చే పద్ధతిలో ఉంది. ఉద్యోగం చేస్తూ పెద్ద చదువుకు వెళ్లేవాళ్లలో చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు మీ నిధి. ఐదు నెలలకు సరిపోతుందంటున్నారు. 300ను 60తో భాగించారు. ఉద్యోగం పోతే బ్యాంకు ఈఎంఐ ఆపదు కదా! 80తో భాగించండి, నాలుగు నెలలు కూడా రాదు. ఆ కాస్తనూ మొదటి ఏడాదే ఫీజుగా కట్టేస్తే మిగిలేది సున్నా.

డాక్టరేట్‌కు అత్యవసర నిధి మామూలు కంటే ఎక్కువ కావాలి, తక్కువ కాదు. కోర్సు సబ్జెక్టులు టైమ్‌టేబుల్ ప్రకారం అయిపోతాయి. థీసిస్ అలా కాదు. ప్రపోజల్ ఒప్పుకోవాలి, పరిశోధనలో రోగులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి రావాలి, హాస్పిటల్ డేటా ఇవ్వాలి, గైడ్ దిద్దిన అధ్యాయాలు మళ్లీ రాయాలి, ఆ తర్వాతే వైవా, అంటే మౌఖిక పరీక్ష. ఎథిక్స్ కమిటీ రోజూ కూర్చోదు. రోగులు సంతకం చేసే అంగీకార పత్రంలో వాళ్ల వివరాలు ఎవరు చూస్తారో ఒక్క వాక్యం రాయకపోయినా ఫైలు వెనక్కి రావచ్చు, మళ్లీ వచ్చే సమావేశం దాకా ఆగాల్సి రావచ్చు. ఈలోగా చాలా యూనివర్సిటీలు ప్రతి టర్మ్‌కూ కొనసాగింపు ఫీజు తీసుకుంటాయి. మీ 900లో అది లేదు. మూడేళ్లు ఐదేళ్లవడం ఈ చదువులో వింతేమీ కాదు.

మీ విషయంలో ఇంకో ముడి ఉంది. మీ థీసిస్‌కు డేటా కూడా బహుశా మీ హాస్పిటల్‌దే అవుతుంది. యాజమాన్యం మారి ఉద్యోగం పోయిందనుకోండి, జీతంతో పాటు డేటా కూడా పోవచ్చు. అంటే టాపిక్ మార్చుకుని మళ్లీ ఎథిక్స్ కమిటీ దగ్గరికి. అందుకే డేటా అనుమతిని మీ పై అధికారి నోటిమాటగా వదిలేయకుండా సంస్థ తరఫున రాతపూర్వకంగా తీసుకోండి. ఉద్యోగం మానేసినా అది చెల్లుతుందని అందులో ఉండాలి.

ఇక అప్పు. 600ను 14 శాతానికి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు 14 చొప్పున కట్టాలి. వడ్డీయే దాదాపు 238. సెలవు నెలల్లో మీకొచ్చేది 50, పోయేది 94. నెలకు 44 లోటు, ఆరు నెలలకు 264. అప్పటికి నిధి లేదు కాబట్టి క్రెడిట్ కార్డు బయటికి వస్తుంది. కార్డు వడ్డీ నెలకు 3 శాతం అంటే ఏడాదికి 36 శాతం అనుకోకండి. చక్రవడ్డీతో 42 దాటుతుంది. చదువు కోసం కార్డు మీద బతకడమనే ఆలోచన ఇప్పుడే మానుకోండి, దయచేసి! డాక్టరేట్‌తో జీతం పెరుగుతుందని మీ హెచ్‌ఆర్ రాసిచ్చిందా? ఇవ్వకపోతే ఆ పెంపు మీ లెక్కలో సున్నానే.

ఇలా చేయండి. షేర్ల ఫండ్‌లో వేసేది ఆపి ఆ 20 నిధిలో వేయండి. తొమ్మిది నెలల్లో 480 అవుతుంది, అంటే ఈఎంఐతో కలిపి ఆరు నెలలకు సరిపడా డబ్బు. సేవింగ్స్ ఖాతాలోనో, వెంటనే తీసుకోగల డిపాజిట్‌లోనో ఉంచండి. చేరేది ఆ తర్వాతే. చేరాక అదే 20 ఫీజుకు మళ్లించండి. కోర్సును నాలుగేళ్లకు సాగదీస్తే ఏడాదికి 225 కావాలి, మీ మిగులు 240. అప్పు అక్కర్లేదు. అయితే ఇది క్రెడిట్ల లెక్కన, అంటే తీసుకున్న సబ్జెక్టుల బరువును బట్టి, ఫీజు తీసుకునే చోటే పనికొస్తుంది. టర్మ్‌కు ఇంత అని తీసుకునే చోట సాగదీసేకొద్దీ ఖర్చు పెరుగుతుంది.

ఆరు నెలల సెలవు వద్దు. డేటా చేతికొచ్చి, కూర్చుని రాయడమే మిగిలినప్పుడు రెండు నెలలు పెట్టండి. ఆ రెండు నెలల లోటు 60, అప్పుడు ఆగిపోయే మిగులు 40, మొత్తం 100. నాలుగేళ్లలో ఫీజు పోను మిగిలేది 60. తగ్గే 40 కోసం చేరడానికి ముందు ఇంకో రెండు నెలలు ఆగి ఆ 20లను పక్కన పెట్టండి. బోనస్ వస్తే కొనసాగింపు ఫీజుకు, ఏటా పెరిగే ఫీజుకు పక్కన పెట్టండి. నిధి జోలికి మాత్రం వెళ్లకండి.

మిగతావి క్లుప్తంగా. హాస్పిటల్ ఫీజు భరిస్తానంటే తీసుకోండి, కానీ మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలో బాండ్‌లో చదివాకే సంతకం. ఆరోగ్య బీమా ఆఫీసుది ఒక్కటే ఉంటే ఉద్యోగంలో ఉండగానే సొంత పాలసీ తీసుకోండి, వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకు బీమా వర్తించని మొదటి కాలం) గడిచిపోతుంది. స్టైపెండ్‌తో పూర్తికాలం పీహెచ్‌డీ అనేది బోధన, పరిశోధన వైపు వెళ్లాలనుకునేవాళ్లకు.

ఈ వారంలోనే యూనివర్సిటీకి మెయిల్ రాసి నాలుగు సంగతులు అడగండి: ఫీజు క్రెడిట్‌కా టర్మ్‌కా, థీసిస్ దశలో టర్మ్‌కు ఎంత, కోర్సు ముగించడానికి గరిష్ఠ గడువు ఎంత, మధ్యలో విరామం తీసుకుంటే ఆ కాలం గడువులో కలుస్తుందా. జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా అడ్మిషన్ ఫీజు కట్టకండి.